శుక్రవారం సభలో మా వాడి గొంతు

మా అబ్బాయి ఒక పొద్దున్న రైల్వే వర్క్‌షాపు మొదటి షిఫ్టుకని సైకిల్ మీద వెళ్ళాడు. సైకిల్ గేటు బయట స్టాండులో దొరికింది. తాళం వేసే ఉంది. లోపలికి వెళ్ళినట్టు హాజరు పడలేదు, బయట తిరిగినట్టు చూసినవాళ్ళూ లేరు. సైకిల్ స్టాండుకీ గేటుకీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో మనిషి ఏమైపోయాడో ఈనాటికీ తెలియదు. ఇది జరిగి ఎనిమిదేళ్ళు దాటింది.

పోలీసులకు చెప్పాం. బాలాసోర్‌లో కనిపించాడని ఒకరు, పూరీలో గుడి ముందు కూర్చున్నాడని ఒకరు చెబితే వెళ్ళి వెతికాం. కొన్నాళ్ళకు చెప్పేవాళ్ళు కూడా చెప్పడం మానేశారు. తాల్‌బగీచాలో మా ఆయన కట్టించిన రెండు గదుల ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం మిగిలాం. నేను, కోడలు, పదో తరగతి చదివే మనవరాలు.

కోడలు మెడలో పుస్తెలు ఉన్నాయి, నుదుట బొట్టు ఉంది. అయినా ఈ బెంగాలీ ఊళ్ళో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో పేరంటానికి పిలవడం మానేశారు. విధవ అని ఎవరూ నోటితో అనలేదు. అలాగని పసుపు రాయడానికీ చెయ్యి రాలేదు. ఆ వీధిలో ఆమె ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఆమె దేన్నీ పట్టించుకోకుండా రోజూ ప్రేమ్ బజార్‌కు వెళ్ళి, కాలేజీ పిల్లల మెస్సులో వంట చేసి వచ్చేది.

పోయిన వేసవిలో ఒకనాడు వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అత్తా, ఒక మాట సెప్తాను, అరవకు."

"అరిసే మాటయితే అరుస్తాను. సెప్పు."

"మెస్సు పక్కన జిరాక్సు కొట్టాయన ఉన్నాడు కదా. భార్య పోయి నాలుగేళ్ళయినాది. నన్ను మనువాడతానంటన్నాడు. నా గుంటని కూడా సూసుకుంటానంటన్నాడు."

"నువ్వేటన్నావు?"

"నీకు సెప్పి సెప్తానన్నాను."

"ఇష్టమేనా?"

"ఇష్టం నేకపోతే నీ సేత తిట్లు తినడానికి వొస్తానేటి?"

నేను అరవలేదు. మారుమనువు మా వాళ్ళలో కొత్తేమీ కాదు. మా చిన్నత్తకు అలాగే జరిగింది, ఆమె నలుగురు పిల్లల్ని కని ఎనభై ఏళ్ళు బతికింది. అయితే ఆవిడ మొదటి మొగుడి శవాన్ని ఊరంతా చూసింది. మా ఇంట్లో చూసిందేమిటి? తాళం వేసిన సైకిల్.

మేదినీపూర్‌లో ఒక వకీలు దగ్గరకు వెళ్ళాం. పెద్ద వయసు బెంగాలీ ఆయన, నన్ను మాషీమా, అంటే పిన్నీ, అని పిలిచి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. మనిషి జాడ లేకుండా ఏడేళ్ళు దాటితే కోర్టు అతను లేడనే అనుకుంటుందట. ఆ మాట కోర్టు నుంచి రాకుండా కోడలు మళ్ళీ పెళ్ళాడితే తప్పవుతుందట. అయితే ఒకటుంది. అతను బతికే ఉంటే ఎవరికి కబురు తెలిసి ఉండాలో, వాళ్ళు వచ్చి మాకే కబురూ లేదని చెప్పాలి.

"భార్య చెబుతుంది, బాగానే ఉంది," అన్నాడు ఆయన. "కానీ ఆవిడకు మళ్ళీ పెళ్ళి కావాలి కాబట్టి చెబుతోందనుకుంటారు. తల్లివి నువ్వు చెబితే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. ప్రమాణం చేసి చెప్పాలి మాషీమా."

చెబుతాను అన్నాను. అది నిజమే కాబట్టి చెప్పడానికి నాకేం భయం లేదు. అబద్ధం ఆడటం నాకు చేతకాదు, నా ఇంట్లో ఎవరినీ ఆడనివ్వను కూడా. వాయిదా దసరా పూజల తర్వాత పడుతుందన్నాడు. జిరాక్సు ఆయన అప్పటిదాకా ఆగుతానన్నాడు. వాళ్ళ అక్క మాత్రం ఇచ్ఛాపురం నుంచి ఫోన్ చేసి, ఈ ఏడు దాటితే వేరే సంబంధం చూస్తానని చెప్పింది.

ఆ మధ్యలోనే ఇది వచ్చి పడింది.

మనవరాలి బడిలో టీచరు పార్లమెంటు ఎలా నడుస్తుందో విని రాసుకురమ్మంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం అది బడి నుంచి తొందరగా వచ్చి ఫోన్ గోడకు ఆనించి పెట్టింది. నేను చింతపండు పిక్కలు తీస్తున్నాను.

"నాన్నమ్మా, నీకోసం తెలుగు పెడతానుండు. అక్కడ ఎవులు ఏ భాషలో అరిసినా ఇక్కడ తెలుగులో సెప్తారు."

"వాళ్ళరుపులు నాకెందుకే. నెట్టు అయిపోద్ది, తీసీ."

"టీచరు మార్కులిస్తాది నాన్నమ్మా. నెట్టు మార్కులిస్తాదేటి?"

ఫోన్‌లో ఒక సభ్యురాలు లేచి మాట్లాడుతోంది. పెదవులు వేరేగా కదులుతున్నాయి, వినబడేది మగ గొంతు, తెలుగు. కనిపించకుండా పోయిన మనుషుల కుటుంబాల గురించి బిల్లు అట. అది సర్కారు తెచ్చింది కాదని, ఒక సభ్యుడు సొంతంగా తెచ్చాడని, అలాంటివి శుక్రవారం మధ్యాహ్నాలే వస్తాయని మనవరాలు చెప్పింది. భార్య ఒక్కతే వచ్చి చెప్పినా చాలని, అత్తింటివాళ్ళ మాట అక్కర్లేదని, ఆ లోపు ఇల్లు గడవడానికి సర్కారు సాయం చెయ్యాలని, తల్లికీ భార్యకూ సమాన హక్కు ఉండాలని ఆ బిల్లులో ఉందట.

మా ఇంటి సంగతి ఢిల్లీలో ఎవరో మాట్లాడుతున్నారే అని చేతిలో చింతపండు పక్కన పెట్టాను. అప్పుడు ఇంకో సభ్యుడు లేచాడు. ఆ మగ గొంతు పళ్ళ సందున గాలి లోపలికి పీల్చింది. ఒక్క పిసరు. ఆ తర్వాత, "గౌరవనీయ సభ్యురాలితో నేను ఏకీభవించలేను," అంది.

మా అబ్బాయి కాదనబోయే ముందు ఎప్పుడూ అలాగే గాలి పీల్చేవాడు. అన్నం వద్దన్నా, నేను చెప్పిన పని చెయ్యనన్నా, ముందు ఆ చప్పుడే. అది వినగానే నాకు చిర్రెత్తుకొచ్చేది. ఆ శుక్రవారం కూడా ముందు చిర్రెత్తుకొచ్చింది. ఆ తర్వాతే ఫోన్ దగ్గరకు జరిగాను.

అది వాడి గొంతే. కాస్త బొంగురు, మాట చివర కిందికి జారిపోవడం, అన్నీ వాడివే. మాటలు మాత్రం వాడివి కావు. మా వాడు జన్మలో 'గౌరవనీయ' అనలేదు. 'ఏకీభవించడం' అంటే ఏమిటో వాడికి తెలుసని కూడా నేననుకోను. వాడి గొంతులో ఎవరో పుస్తకం తెలుగు పోస్తున్నట్టుంది.

ఆ గొంతు అందరి తరఫునా మాట్లాడింది. ఒక సభ్యుడు లేచి, తల్లి బతికి ఉండగా ఆవిడ ఒప్పుకోకుండా కొడుకు చనిపోయాడని ఎలా అంటారు, అతను తిరిగి వస్తే ఆ ఇంట్లో ఎక్కడ నిలబడాలి అన్నాడు. అది మా వాడి గొంతులో వచ్చింది. ఇంకొకరు లేచి, రానివాడి కోసం ఒక ఆడదాని బతుకంతా గుమ్మంలో నిలబెట్టడం ఏం సంసారం అన్నారు. అదీ మా వాడి గొంతులోనే వచ్చింది. వాడి పెళ్ళాం గురించి వాడే అటూ ఇటూ తగువాడుకుంటున్నట్టుంది. అన్నిటికీ ఒకే గొంతు. దేనికీ కోపం లేదు, ఏడుపూ లేదు.

"ఈ సెప్పేది ఎవులే?" అని అడిగాను.

"అనువాదం సేసేవాళ్ళు నాన్నమ్మా. అద్దాల గదిలో కూకోని సెప్తారట. కనబడరు. ఇప్పుడు కొన్ని మిషనే సెప్తాదంట, మనిషి ఉండడంట."

"మనిషి నేకపోతే గొంతు ఎక్కడిది?"

"ఎవులెవులి గొంతులో పోగేసి పెడతారంట."

అది నవ్వుతూ చెప్పి రాసుకోవడంలో పడింది. వాళ్ళ నాన్న కనిపించకుండా పోయినప్పుడు దానికి ఏడేళ్ళు. ఆ గొంతు దానికి గుర్తు లేదు. నేను మళ్ళీ చింతపండు ముందుకు లాక్కున్నాను.

రెండు వారాలకోసారి ఆ బిల్లు వస్తుందని మనవరాలు చూసి చెప్పింది. మళ్ళీ వచ్చేదాకా నాకు పనిలో చెయ్యి ఆడలేదు. వకీలు చెప్పిన మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. కబురేమీ లేదని ప్రమాణం చెయ్యాలి. గొంతు విన్నాక ఏమని చెయ్యను? విన్నానని చెబితే కోర్టు నవ్వుతుంది, కోడలి పెళ్ళి ఆగిపోతుంది. వినలేదని చెబితే నా నోటితో నేనే వాణ్ణి మట్టిలో పెట్టినట్టు. ఆ బిల్లు గనక నెగ్గితే భార్య మాట చాలు, నన్ను ఎవరూ అడగరు. అది నెగ్గాలని నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. కోడలు వాయిదా సంగతి ఎత్తితే, "పార్లమెంటులో తేలనీ, ఆగు," అన్నాను.

"పార్లమెంటుకీ మనకీ ఏటి సంబంధం అత్తా?"

"ఉన్నాది. ఆగు."

రెండో శుక్రవారం మనవరాలి చేత ఫోన్ పెట్టించుకుని, దాన్ని కొట్టుకు పంపి తలుపు దగ్గరగా వేశాను. బిల్లు మొదలైన కాసేపటికి ఎవరో ఏదో అన్నారు, సభంతా లేచింది. కాగితాలు ఊపుతున్నారు, మధ్యలోకి దూసుకొస్తున్నారు. ఏదీ తెలియడం లేదు కాబట్టి ఆ గొంతు ఊరుకుంది. కానీ మైకు ఆపలేదు. అరుపులన్నీ దూరంగా, నీళ్ళ కింద నుంచి వస్తున్నట్టు వస్తున్నాయి. వాటికి ఇవతల, నా చెవి పక్కన, ఊపిరి.

పసివాడుగా ఉన్నప్పుడు మా వాడికి చలికాలం రొమ్ము పట్టేసేది. రైల్వే ఆసుపత్రి నుంచి తెచ్చిన మందు పోసి, నా భుజం మీద వేసుకుని తిప్పేదాన్ని. ఆ ఊపిరి లోపలికి వెళ్ళేటప్పుడు చిన్న పిల్లికూత, బయటికి వచ్చేటప్పుడు లేదు. ఇప్పుడూ అంతే. లోపలికి కూత, బయటికి లేదు.

బయట ఎండ తెల్లగా ఉంది. వీధిలో ఒక్క మనిషి లేడు. యార్డులో బోగీలు కలిపే చప్పుడు కూడా ఆగిపోయింది. నేను ఫోన్ దగ్గరకు వంగాను.

"ఒరే, అన్నం తిన్నావేటి?"

ఊపిరి ఆగింది. సభ అరుస్తూనే ఉంది. నేను కూడా ఊపిరి పీల్చలేదు. అలా ఎంతసేపో నాకు తెలియదు. ఆ తర్వాత పళ్ళ సందున గాలి పీల్చిన చప్పుడు. ఆ తర్వాత, "సభ వాయిదా పడింది," అంది గొంతు. తెర మీద ఖాళీ కుర్చీలు కనబడ్డాయి.

మూడో శుక్రవారానికి నేను కోడలిని పనికి వెళ్ళనివ్వలేదు.

"మెస్సులో వంద మంది పిల్లలు, అత్తా. సాయంత్రం రొట్టెలెవులు సేస్తారు, నీ పార్లమెంటోళ్ళు సేస్తారేటి?"

"ఒక్క పూట బిస్కెట్లు తింటారు. కూకో. విను."

కూర్చుంది. ఏం వినాలో నేను చెప్పలేదు. నా నోటితో ముందు చెప్పి ఆమె చేత అవుననిపించడం నాకు ఇష్టం లేదు. బిల్లు తెచ్చిన సభ్యుడు లేచాడు. మా వాడి గొంతు మొదలైంది. నేను ఫోన్ వైపు చూడలేదు, ఆమె ముఖమే చూశాను.

ఆమె కదల్లేదు. మొదటి మాటకే కుడి చెయ్యి వెళ్ళి పైట సర్దుకుంది. మా వాడు షిఫ్టు నుంచి వచ్చి గేటు తీసిన చప్పుడు వినగానే, పనిలో ఉన్నా, అలాగే సర్దుకునేది. ఎనిమిదేళ్ళలో ఆ చెయ్యి అలా వెళ్ళడం నేను చూడలేదు. ఆమె కూడా ఆ చేతిని చూసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"విన్నావా?" అన్నాను.

ఆ గొంతు చెప్పుకుపోతోంది. ఆ కుటుంబాల ఆడవాళ్ళకు పండగలు లేవని, దుఃఖించే హక్కు కూడా లేదని చెబుతోంది. "ఈ స్త్రీలు ఎవరిని అడగాలి అధ్యక్షా, వీరు ఎవరి..." అని అక్కడ ఆగింది. మాట మధ్యలో. టక్కుమని చిన్న చప్పుడు. ఆ వెంటనే, "...అనుమతి కోసం ఎదురు చూడాలి," అని ఒక ఆడ గొంతు అందుకుంది. పల్చని, పట్నం గొంతు. అనువాదం చేసేవాళ్ళకు అరగంటకోసారి షిఫ్టు మారుతుందని మనవరాలు తర్వాత ఎక్కడో చదివి చెప్పింది. అప్పుడు మాకది తెలియదు. గదిలో మాతో పాటు కూర్చున్న మనిషి ఒకడు లేచి వెళ్ళిపోయినట్టు అనిపించింది. కోడలు తల తిప్పి వీధి తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. తలుపు గడియ వేసే ఉంది.

ఆ తర్వాత మంత్రి లేచాడు. సభ్యుడి మనసు మంచిదని, సర్కారు ఈ సంగతి ఆలోచిస్తుందని, అందుకని బిల్లు వెనక్కి తీసుకోమని అడిగాడు. సభ్యుడు నమస్కారం పెట్టి, సభ అనుమతితో ఉపసంహరించుకుంటున్నానని చెప్పాడు. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన సభను అడిగాడు. ఎవరో నలుగురు సరేనన్నారు. అంతే. ఇంకో బిల్లు మొదలుపెట్టారు.

"అయిపోనాదా?" అన్నాను.

"అయిపోనాది. వాపస్ తీసీసుకున్నారు," అంది కోడలు.

"ఓటింగో?"

"ఏ ఓటింగూ నేదు."

అంత మాట్లాడి, అంత అరిచి, ఆడవాళ్ళ కన్నీళ్ళ గురించి అన్ని మాటలు చెప్పి, వాళ్ళే కట్టిన మూట వాళ్ళే విప్పుకుని పోతారని నేననుకోలేదు. పెద్ద సభలో మాట మొదలైతే ఏదో ఒకటి తేల్చి లేస్తారనుకున్నాను. మా ఊళ్ళో కుల పెద్దలు కూర్చుంటే చీకటి పడ్డా తేల్చకుండా లేచేవారు కాదు.

కోడలు ఫోన్ ఆపింది. పొయ్యి దగ్గరకు వెళ్ళి, నీళ్ళు తాగి, వెనక్కి వచ్చి నిలబడింది.

"అత్తా, నువ్వు వినమన్నది ఏటో నాకు తెలిసినాది. నువ్వు అడగొద్దు, నేను సెప్పను. ఆయనే అయితే మాత్రం ఏటి? ఢిల్లీలో అద్దాల గదిలో కూకోని దేశంలో అందరి మాటలూ సెప్తన్నాడు. మనింటికొక్క మాట సెప్పనేదు."

"ఆడే అంటావా?"

"అడగొద్దన్నాను కదా."

ఆ రోజు ఆమె పనికి వెళ్ళలేదు, అన్నం కూడా తినలేదు. నేను తిన్నాను. వండినది పారెయ్యడం నాకు చేతకాదు. తింటూ ఆలోచించాను. రొమ్ము పట్టేసిన ఊపిరి నాకు తెలుసు. దాన్ని కాదనలేను. కానీ అన్నం తిన్నావా అని తల్లి అడిగితే బతికున్నవాడు తిన్నాననో, లేదనో అంటాడు. కనీసం ఊరుకోవే అమ్మా అని విసుక్కుంటాడు. నాకు వచ్చిన జవాబు సభ వాయిదా అని. అది కొడుకు పంపిన కబురు కాదు. గొంతు వాడిదే కావచ్చు, కబురు మాత్రం కాదు. ఈ రెండూ వేరని తేల్చుకోవడానికి నాకు ఆ అన్నం అయ్యేదాకా పట్టింది.

పూజలయ్యాక మేదినీపూర్ కోర్టులో నన్ను పిలిచారు. జడ్జి ఆడమనిషి, నా కోడలి వయసు. బెంగాలీలో అడిగింది, నేను బెంగాలీలోనే చెప్పాను. కబురు ఏమైనా తెలిసిందా అంది. లేదన్నాను.

"ఉత్తరం, ఫోను, ఎవరి ద్వారానైనా మాట?"

"లేదు."

"అతను బతికి ఉంటే మీకు తెలిసేదని నమ్ముతున్నారా?"

వకీలు నా వైపు చూశాడు. పైన పంకా చప్పుడు చేస్తోంది. జడ్జి తొందరపెట్టలేదు.

"బతికున్న కొడుకయితే నేనడిగినదానికి జవాబు చెప్పి ఉండేవాడమ్మా," అన్నాను.

ఆవిడ ఒకసారి తలెత్తి చూసి రాసుకుంది. వకీలు బయటికొచ్చాక, "భలే చెప్పావు మాషీమా," అన్నాడు. నేనేం చెప్పానో ఆయనకు తెలియదు.

కోర్టు మాట వచ్చాక మన పురోహితుడు వచ్చాడు. శరీరం దొరకనప్పుడు మోదుగాకులతో మనిషి ఆకారం చేసి కంసాయి ఏటి ఒడ్డున దహనం చెయ్యాలని, అప్పుడే ఆ జీవుడికి దారి దొరుకుతుందని చెప్పాడు. కోడలు నా వైపు చూసింది. పెళ్ళికి కోర్టు కాగితం చాలు, దహనం సంగతి తర్వాత చూద్దాం అని ఆయన్ని పంపేశాను. ఆమెకు అతను లేడని చెప్పడం నా పని, చెప్పాను. నాకు లేడని ఆకుల బొమ్మకు నిప్పు పెట్టడానికి నా చెయ్యి ఇంకా రాలేదు.

పెళ్ళి రిజిస్ట్రారు దగ్గర, పది మందితో అయింది. నేను పసుపు రాశాను. వీధిలో వాళ్ళు ఇద్దరు ముగ్గురు రాకుండా ఉండలేక వచ్చారు. తల్లీ కూతుళ్ళను తీసుకెళ్ళడానికి జిరాక్సు ఆయన టోటో, అదే బ్యాటరీ రిక్షా, మాట్లాడుకుని వచ్చాడు. సామాను రెండు పెట్టెలు, ఒక గ్యాస్ పొయ్యి.

"అత్తా, నువ్వు కూడా వొచ్చీ. ఒక్కదానివీ ఇక్కడేటి సేస్తావు?"

"ఇంటికి మనిషుండాల. ఆదివారం నువ్వే రా. వొట్టి సేతుల్తో రాకు, మెస్సులో మిగిలిన కూరలు తే."

నవ్వింది. ఏడ్చింది కూడా. టోటో ఎక్కి, మళ్ళీ దిగబోయింది.

"ఎక్కు," అన్నాను. "ఎనక్కి సూడకు."

అన్నాక గుర్తొచ్చింది, ఆ మాట పెళ్ళికి చెప్పేది కాదు. వెనక్కి చూస్తే పోయినవాడు వెంట వస్తాడని, శ్మశానం నుంచి తిరిగి వచ్చేవాళ్ళకు చెప్పేది. పురోహితుడి మాటలు బుర్రలో ఉండిపోయి నోట్లోంచి అలా వచ్చేసింది. ఆమెకూ తెలిసింది. ముఖం తెల్లబోయింది. అయినా ముందుకు తిరిగి కూర్చుంది. మనవరాలు చెయ్యి ఊపుతుంటే దాని తల కూడా ముందుకు తిప్పేసింది. టోటో వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ వెనక్కి చూడలేదు.

నేను చూశాను. నా వెనక గదిలో ఎవరూ లేరు. ఎండ పడిన గచ్చు, చాప, గోడకు ఆనించిన పీట, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సాయంత్రమైతే దోమలు వస్తాయని రోజూ నేనే అందరి మీదా అరిచి తలుపు వేయిస్తాను. ఆ రోజు చీకటి పడేదాకా తలుపు తెరిచే ఉంచాను.